కుర్చీని ముందు కుర్చీగానే చూడు

అమ్మలూ,

పంతొమ్మిదో శతాబ్దపు యూరప్ నవలల్లో ఊపిరాడని ఇళ్ల మీద నువ్వు రాసిన మొదటి అధ్యాయం అందింది. శ్రద్ధగా రాశావు. కానీ ప్రతి తెరా, ప్రతి అలమారా నీ చేతిలో పడగానే ‘చెరసాలకు ప్రతీక’ అయిపోతోంది. ఆ మాట అనేశాక ఇక చూడడానికేం మిగలదు. వస్తువు దగ్గర ఇంకాసేపు నిలబడు. ఎవరి డబ్బుతో కొన్నారు, తాళంచెవి ఎవరి దగ్గరుంది, రోజూ తుడిచేదెవరు అని అడుగు.

బాల్జాక్ ‘యూజెనీ గ్రాందే’ (1833) మళ్లీ చదువు. పిసినారి గ్రాందే ఇంటి హాల్లో నవంబరు 1న నిప్పు వేస్తారు, మార్చి 31న ఆర్పేస్తారు. చలి ముందే వచ్చినా అంతే. కొవ్వొత్తులు, రొట్టె ముసలాయనే కొలిచి ఇస్తాడు. కిటికీ పక్కన తల్లి కుర్చీకి కాళ్ల కింద దిమ్మలుంటాయి, వీధిలో పోయేవాళ్లు కనబడాలని. పదిహేనేళ్లుగా ఏప్రిల్ నుంచి నవంబరు దాకా తల్లీకూతుళ్ల పగళ్లన్నీ అక్కడే గడిచాయి. నవల మొత్తంలో నన్ను బాగా పట్టుకున్నవి ఆ దిమ్మలే. ఆ ఇల్లాలికి దక్కిన వీధి అంతే మరి! చివరికి తండ్రి పోయి, లక్షల ఆదాయం చేతికొచ్చాక కూడా కూతురు యూజెనీ ఆయన పెట్టిన తేదీల ప్రకారమే నిప్పు వేసుకుంటుంది. తాళంచెవి మారింది, తేదీ మారలేదు. ఎందుకు? నీ అధ్యాయం అక్కడ మొదలవ్వాలి.

డికెన్స్ ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’లో మిస్ హావిషామ్ ఇంట్లో ఆగిపోయిన గడియారాల గురించి ఇప్పటికే చాలామంది రాశారు. నీకు ఒక్క పేరా చాలు.

జార్జ్ ఎలియట్ ‘ది మిల్ ఆన్ ది ఫ్లాస్’ (1860) మాత్రం వదలొద్దు. మిసెస్ టలివర్ భర్త దివాలా తీశాడు, సామాను వేలానికి పోతోంది. తను స్వయంగా వడికిన నూలుతో నేయించుకున్న బల్లగుడ్డల మీద తన పుట్టింటి పేరు చూసుకుని ఆవిడ ఏడుస్తుంది. అప్పటి ఇంగ్లండు చట్టంలో పెళ్లయిన నాటి నుంచి భార్య చరాస్తి భర్తదే. వివాహిత స్త్రీల ఆస్తి మీద 1882 చట్టం వచ్చాకే అది బాగా మారింది. చాలామంది విమర్శకులు ఆవిణ్ణి అల్పురాలిగా తీసేస్తారు, నాకు అది అన్యాయంగా తోస్తుంది. ఇంట్లోని సామానంతా స్త్రీకి సంకెలే అని నువ్వు రాస్తే, ఈవిడ కన్నీళ్లను ఎక్కడ పెడతావు?

ఒక పని చెయ్యి. వస్తువు మొదటిసారి కనబడిన పేజీ రాసుకో, మళ్లీ కనబడినప్పుడు దాని చోటు, దాన్ని తాకిన చెయ్యి మారాయేమో చూసి పక్కనే రాయి. ముందు గ్రాందే ఇంటి భాగం తిరగరాసి పంపు, ఎలియట్ సంగతి ఆ తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
పెద్దమ్మ