కోపం సరే, వివరం ఏది?

అమ్మాయ్,

నీ వ్యాసం చదివాను. వలస వచ్చినవాళ్ల మీద విషం చిమ్మే రాజకీయాన్ని ఖండించి తీరాలన్నావు, నిజమే. కానీ నాలుగు పేజీల నిండా ‘అమానుషం’, ‘దారుణం’ తప్ప ఒక్క ఊరు పేరు లేదు. నీతో ఏకీభవించేవాడు తలూపుతాడు. వినాల్సినవాడు మాత్రం రెండో పేరా దాటడు.

ఒక ఊరు పట్టుకో. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ చూడు, 2020 లెక్కల్లో జనాభా 58 వేల చిల్లర. ఫ్యాక్టరీల్లో, గోదాముల్లో పని ఉందని కొద్ది ఏళ్లలో కరీబియన్ దేశమైన హైతీ నుంచి వేలమంది వచ్చారు. 2024లో చాలామందికి తాత్కాలిక రక్షణ హోదా ఉండేది, అంటే అప్పటికి చట్టప్రకారమే ఉన్నారు. వాళ్లు పెంపుడు జంతువులను తింటున్నారన్న పుకారును 2024 సెప్టెంబరు 10న అధ్యక్ష అభ్యర్థుల చర్చలో ట్రంప్ దేశమంతా వింటుండగా చెప్పాడు. నమ్మదగిన ఆధారం ఒక్కటీ లేదని నగర అధికారులు అన్నారు. అయినా ఆ వారమే బాంబు బెదిరింపులు వచ్చాయి, బడులు మూశారు.

రాసేటప్పుడు వరస చూసుకో. పుకారును శీర్షికలో పెట్టకు, దానితో మొదలుపెట్టకు. ఖండించడానికే ఎత్తినా చదివినవాడికి చివరికి గుర్తుండేది అదే. ముందు తేలిన నిజం చెప్పు. తర్వాత పుకారు ఒక్క వాక్యంలో. వెంటనే దాన్ని ఎవరు, ఏ హోదాలో, ఎప్పుడు కాదన్నారో చెప్పు. ఇదంతా పుకారు లేచిన రెండు మూడు రోజుల్లో జరగాలి. ఎన్నికలయ్యాక వచ్చే ధైర్యం ఎవరికి కావాలి?

చాలామంది తడబడేది మాత్రం ఇంకోచోట. ఆ ఊళ్లో నిజమైన ఇబ్బందులున్నాయి. అద్దెలు పెరిగాయి, ఆసుపత్రులకూ బడులకూ భారం పెరిగింది. 2023 ఆగస్టులో హైతీ నుంచి వచ్చిన ఒకతని వాహనం వల్ల బడి బస్సు ప్రమాదానికి గురై పదకొండేళ్ల పిల్లవాడు చనిపోయాడు. వీటిని దాచావా, ఎదుటివాడు అవే పట్టుకుని నిన్ను అబద్ధాలకోరంటాడు. ఆ పిల్లవాడి తండ్రి నగర పాలక సమావేశంలో నిలబడి, తన కొడుకు చావును ద్వేషానికి వాడుకోవద్దని నాయకులకు సూటిగా చెప్పాడు. ఇది రాసి ఊరుకో. పక్కన విశేషణం చేర్చకు.

‘మావాళ్లు ఇంజనీర్లు, పన్నులు కడతారు’ అనే వాదన మన తెలుగువాళ్ల నాలుక చివరే ఉంటుంది. వాడకు. పనికొచ్చేవాడే మనిషి అని నువ్వే ఒప్పుకున్నట్టవుతుంది, మిగతావాళ్లను వదిలేసినట్టూ అవుతుంది. పైగా అది కాపాడదు కూడా. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేతాలో తెలుగు ఇంజనీరును కాల్చి చంపినవాడు, తాను కాల్చింది ఇరాన్‌వాళ్లననుకున్నాడు.

ఇక తగువులో కనపడనివాడిని వెతకడం నేర్చుకో. 1930 రంగూన్ రేవు చూడు. అక్కడి కూలీల్లో ఎక్కువమంది మన కోస్తా నుంచి వెళ్లినవాళ్లు, కోరంగి పేరు మీద వాళ్లను కోరంగీలనేవారు. కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు బర్మావాళ్లను పనిలో పెట్టుకుని, సమ్మె తేలగానే ఆ బర్మావాళ్లను పొమ్మన్నాయి. మే 26న కొట్లాట మొదలై వందమందికి పైగా చచ్చారు, ఎక్కువగా మనవాళ్లే. కడుపు కాలిన ఇద్దరు కొట్టుకున్నారు, కంపెనీల ఒంటిమీద గీతైనా పడలేదు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో అద్దె పెంచిందెవరో అడుగు. హైదరాబాద్ చుట్టూ ఇటుక బట్టీల్లో ఒడిశా కూలీకి అడ్వాన్సిచ్చి కట్టిపడేసిందెవరో అడుగు. ఇక్కడ నోరు మెదపకుండా ఒహాయో గురించి రాస్తే, ‘ముందు మీ ఊరి సంగతి చూసుకో’ అనే ఎత్తిపొడుపుకు నీ దగ్గర జవాబుండదు.

ఒక జాగ్రత్త. కాగితాలు లేని మనిషితో మాట్లాడితే పేరు మారిస్తే సరిపోదు. ఊరు, పనిచేసే దుకాణం, వచ్చిన నెల, పిల్లల వయసు, వీటిలో మూడు కలిస్తే పోల్చేస్తారు. రెండైనా తీసెయ్. ఫొటోలో వెనక బోర్డు కనపడకూడదు, ఫైల్లో దాగుండే లొకేషన్ వివరం తుడిచెయ్యాలి. అచ్చుకు ముందు తనకర్థమయ్యే భాషలో చదివి వినిపించు. వద్దన్న వాక్యం ఎంత బాగున్నా తీసెయ్, మాట నీదైనా మూల్యం అతనిది.

రెండు పేజీలకు కుదించి పంపు. ఊరు, తేదీ మొదటి పేరాలోనే ఉండాలి.