క్లబ్‌కి నెక్స్ట్ మేనేజర్ ఎవరు కావాలో దేన్ని బట్టి తేల్చుకోవాలి?

మీ గ్రూప్‌లో సగం మంది మన క్లబ్‌లో ఆడిన పాత ప్లేయర్నే తేవాలంటున్నారు, మిగతా సగం కప్పులు కొట్టిన పెద్ద పేరు కావాలంటున్నారు, ఎవరి మాట వినాలి అని అడిగారు కదా. నేను ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ లివర్‌పూల్ ఫ్యాన్‌ని, ఉండేది హైదరాబాద్‌లో, ఈ గొడవ నాకు 2010 నుంచి అలవాటే. ఇన్నేళ్ళలో నేను గొంతు చించుకుని చెప్పిన పేర్లలో పనికొచ్చింది దాదాపు ఒక్కటీ లేదు, కాబట్టి ఆన్సర్ చెప్పే అర్హత నాకు బాగానే ఉంది.

2015 సంగతి చెప్తా. అక్టోబర్‌లో ఎవర్టన్‌తో 1-1 డ్రా అయిన రోజే మా మేనేజర్ బ్రెండన్ రాడ్జర్స్‌ని తీసేశారు. మా గ్రూప్‌లో రెండే పేర్లు నడిచాయి, జర్మనీ కోచ్ యూర్గెన్ క్లాప్, ఇటలీ కోచ్ కార్లో అన్సెలోట్టి. నేను అన్సెలోట్టి పార్టీ. అప్పటికే కోచ్‌గా మూడు ఛాంపియన్స్ లీగ్‌లు, అంటే యూరప్ క్లబ్బుల్లో అన్నిటికంటే పెద్ద కప్పు మూడుసార్లు, ఇంకేం కావాలి మనకి అని. క్లాప్ అంటే నాకు నమ్మకం లేదు, జర్మనీ క్లబ్ డార్ట్‌మండ్‌లో ఆయన చివరి సీజన్ చూశా కదా, సగం సీజన్ అయ్యేసరికి 17వ స్థానం, ఎలాగోలా ఈదుకొచ్చి 7లో ముగించాడు. "ఈయన అయిపోయిన మనిషి" అని గ్రూప్‌లో పేరాలకి పేరాలు టైప్ చేశా. క్లబ్ క్లాప్‌నే తెచ్చింది. ఆ స్క్రీన్‌షాట్ మావాళ్ళ దగ్గర ఇంకా ఉంది, ఏటా ఒకసారైనా బయటికి తీస్తారు, 2019లో ఆయన మాకు ఛాంపియన్స్ లీగ్ గెలిపించిన రాత్రి అయితే ఒకడు దాన్ని డీపీగా పెట్టుకున్నాడు.

తర్వాత చాలా కాలానికి తెలిసిందేంటంటే, క్లబ్‌లో రీసెర్చ్ చూసే ఇయాన్ గ్రాహమ్ అనే ఫిజిక్స్ పీహెచ్‌డీ చేసిన ఆయన డార్ట్‌మండ్ ఆ సీజన్ మ్యాచ్‌లన్నిటి డేటా తీసి లెక్కలు వేశాడు, వాళ్ళు సృష్టించుకున్న ఛాన్సులు, అవతలివాళ్ళకి ఇచ్చిన ఛాన్సులు చూస్తే అది రెండో స్థానంలో ఉండాల్సిన టీమ్, అదృష్టం తన్నేసింది తప్ప ఆట చెడిపోలేదు అని తేల్చాడు. పైగా ఆయన ఆ మ్యాచ్‌లు ఒక్కటి కూడా చూడలేదట. నేను కొన్ని కళ్ళారా చూశా. చూసిన నేను తప్పు, చూడని ఆయన రైటు.

సరే అప్పుడంటే కుర్రతనం. 2024కి వద్దాం. జనవరి 26, రిపబ్లిక్ డే సెలవు, మధ్యాహ్నం తిని పడుకుని లేచేసరికి ఫోన్ నిండా మెసేజ్‌లు, ఎవరో పోయారేమో అనుకుని కంగారుపడ్డా. క్లాప్ సీజన్ అయ్యాక వెళ్ళిపోతున్నాడు. అయిదు నిమిషాలు ఏడుపు ఎమోజీలు, ఆరో నిమిషంలో ఎవడో మా పాత ప్లేయర్, ఇప్పుడు కోచ్ అయిన షాబి అలోన్సో ఫొటో పెట్టాడు, అంతే, ఎలక్షన్ అయిపోయింది. వేరే పేరు ఎత్తినవాడిని ద్రోహిలా చూశాం.

ఎందుకు అలోన్సో? జర్మనీ క్లబ్ లెవర్‌కూజెన్‌ని రెలిగేషన్ జోన్‌లో, అంటే కింది లీగ్‌కి పడిపోయే స్థానంలో ఉండగా తీసుకుని, సరిగ్గా ఆ సీజన్లో జర్మనీ లీగ్‌లో ఓటమి లేకుండా నడిపిస్తున్నాడు, అది నిజమే. కానీ నిజంగా నిజం చెప్పాలంటే అది సాకు. అసలు కారణం 2005 మే, ఇస్తాంబుల్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, మనకి అర్ధరాత్రి దాటాక మొదలైంది, ఇంట్లో అందరూ పడుకుంటే సౌండ్ మ్యూట్‌లో పెట్టి చూస్తున్నా, హాఫ్ టైమ్‌కి మిలాన్ 3-0, ఆపేద్దామనుకుని ఆపలేదు, ఆరు నిమిషాల్లో మూడు గోల్స్, మూడోది అలోన్సోది, పెనాల్టీ కొడితే మిలాన్ గోల్‌కీపర్ దీదా ఆపాడు, ఆ రీబౌండ్‌ని పరిగెత్తుకెళ్ళి పైకి కొట్టాడు. నోటికి దిండు అడ్డం పెట్టుకుని అరిచా. పందొమ్మిదేళ్ళ తర్వాత నేను అడిగింది మేనేజర్ని కాదండి, ఆ దిండుని. ఆ రోజు నా వయసుని. (ఆ మిలాన్ కోచ్ అన్సెలోట్టినే అని 2015లో నాకు గుర్తు రాకపోవడం వేరే కథ.)

మార్చి 29న అలోన్సో నేను లెవర్‌కూజెన్‌లోనే ఉంటా అనేశాడు. వెంటనే గ్రూప్ మొత్తం పోర్చుగల్ క్లబ్ స్పోర్టింగ్ కోచ్ రూబెన్ అమోరిమ్ మీద పడింది. చివరికి వచ్చింది ఫెయెనూర్డ్ నుంచి ఆర్నె స్లాట్. మా రియాక్షన్ "ఎవరు?" అని. నెదర్లాండ్స్‌లో 2023లో లీగ్ కొట్టాడని గూగుల్ చేసి తెలుసుకున్నా, అయినా పెళ్ళిలో ఆఖరి బంతికి కూర్చున్నవాళ్ళకి సాంబారు మిగిలినట్టు ఫీలయ్యా. ఏమైందో తెలుసు కదా, మొదటి సీజన్లోనే లీగ్ టైటిల్, ఇంకా నాలుగు మ్యాచ్‌లు ఉండగానే, టాటెన్‌హామ్‌ని మా సొంత గ్రౌండ్ ఆన్‌ఫీల్డ్‌లో 5-1 కొట్టి. ఆ సమ్మర్‌లో కొత్తగా కొని ఆడించింది కియేజా ఒక్కడినే, అతనూ పెద్దగా ఆడింది లేదు. అంటే క్లాప్ వదిలివెళ్ళిన టీమ్‌తోనే.

ఇక్కడే ఉంది మీ ప్రశ్నకి జవాబు. క్లబ్ వెతికింది గొప్ప కోచ్‌ని కాదు, ఉన్న ప్లేయర్లతో, ఉన్న ఆటతో పొసిగే కోచ్‌ని. క్లాప్ ఏకంగా 82 పాయింట్ల టీమ్‌ని వదిలి వెళ్ళాడు, దాన్ని కూలగొట్టి మళ్ళీ కట్టేవాడు అక్కర్లేదు, గోడలకి సున్నం వేసి కరెంటు వైరింగ్ సరిచేసేవాడు చాలు. మిడ్‌ఫీల్డర్ గ్రావెన్‌బెర్క్‌ని వెనక్కి లాగి మిడ్‌ఫీల్డ్ అడుగున ఆడించడం లాంటి పనులన్నమాట. 2024 నవంబర్‌లో మా రెండో ముద్దుబిడ్డ అమోరిమ్ మాంచెస్టర్ యునైటెడ్‌కి వెళ్ళాడు, వెనక ముగ్గురు డిఫెండర్లతో తన 3-4-3 తప్ప ఇంకోటి ఆడించనన్నాడు, ఆ టీమ్ దానికోసం కొన్న టీమ్ కాదు, 42 పాయింట్లతో 15వ స్థానం. కోచ్ చేతకానివాడని నేననను, లిస్బన్‌లో అదే పద్ధతితో లీగ్‌లు గెలిచాడు కదా. సంబంధం కుదరలేదు, అంతే.

ఇది మన ఊళ్ళో కూడా చూశా. హైదరాబాద్ ఎఫ్‌సీ మొదటి సీజన్ ఐఎస్‌ఎల్‌లో (ఇండియన్ సూపర్ లీగ్) ఆఖరి స్థానం. తర్వాత ఆల్బర్ట్ రోకా వస్తున్నాడు, బెంగళూరుని నడిపినోడు అని సంబరపడ్డాం, 2020లో ఆయనకి బార్సిలోనా నుంచి పిలుపొస్తే వెళ్ళిపోయాడు. హడావిడిగా మనోలో మార్కెజ్‌ని తెచ్చారు. స్పెయిన్‌లో లాస్ పాల్మాస్‌తో కొన్ని వారాలే ఉన్నాడని చదివి, దొరికినోడిని పట్టుకొచ్చార్రా అనుకున్నాం. ఆ మనిషే ఆకాశ్ మిశ్రా లాంటి కుర్రాళ్ళని ధైర్యంగా దింపి, మొదటి ఏడాది 5వ స్థానం, రెండో ఏడాది ఏకంగా ఛాంపియన్. 2022 మార్చిలో గోవా ఫైనల్, కేరళ బ్లాస్టర్స్ మీద 88వ నిమిషంలో తవోరా ఈక్వలైజర్, పెనాల్టీల్లో మా గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. రోకా వచ్చుంటే ఇంకా బాగుండేదేమో, ఎవడు చెప్పగలడు.

కాబట్టి మీ గ్రూప్‌లో పేర్లు మొదలవగానే ఒక్క ప్రశ్న వెయ్యండి, వెళ్ళిపోయిన మేనేజర్ మనకి ఏం వదిలి వెళ్ళాడు అని. టీమ్ బాగుండి అలసిపోయిందా, లేక టీమే చెత్తా? రెండోది, ప్లేయర్లని కొనేది ఎవరు? క్లాప్‌ని మేనేజర్ అనేవాళ్ళు, స్లాట్‌ని హెడ్ కోచ్ అన్నారు, ఇది బోర్డు మీద పేరు మార్చడం కాదు, కొనుగోళ్ళ పని డైరెక్టర్‌ది అని ముందే చెప్పడం. అన్నీ తన చేతిలో ఉండాలనే పెద్ద పేరుని అలాంటి క్లబ్‌కి తెస్తే ఏడాదిలో తన్నుకుంటారు. ఇంకా, కప్పుల లిస్టు కంటే ఓడిపోయిన సీజన్ చూడండి, అప్పుడు టీమ్ ఎలా ఆడిందో చూడండి, క్లాప్ విషయంలో నాకు దెబ్బ పడింది అక్కడే.

ఫ్యాన్స్ మాట ఎప్పుడూ తప్పే అనట్లేదు. 2010లో రాయ్ హాడ్జ్‌సన్‌ని తెచ్చినప్పుడు అనుభవం, ఫుల్‌హామ్‌ని యూరోపా ఫైనల్‌కి తీసుకెళ్ళాడు, పేపర్ మీద అన్నీ ఉన్నాయి. మ్యాచ్‌లు రెండు మూడు చూడగానే మాకు కడుపులో తెలిసిపోయింది ఇది మన ఆట కాదని. నాలుగో డివిజన్ టీమ్ నార్తాంప్టన్ ఆన్‌ఫీల్డ్‌కి వచ్చి పెనాల్టీల్లో ఓడించి వెళ్ళింది, జనవరికల్లా ఆయన ఇంటికి. ఫలానావాడు వద్దు అనే విషయంలో ఫ్యాన్స్ ముక్కు బాగా పనిచేస్తుంది, ఫలానావాడే కావాలి అనే విషయంలోనే జలుబు చేస్తుంది. హాడ్జ్‌సన్ పోయి మేము కోరుకున్న మా క్లబ్ పాత ప్లేయర్ డాల్గ్లిష్ వచ్చాడు, దేవుడు దిగొచ్చినంత సంబరం, ఏడాదిన్నరలో లీగ్ కప్ తెచ్చి కూడా లీగ్‌లో 8వ స్థానంతో వెళ్ళిపోయాడు. నేను ఆ రోజు కూడా క్లబ్‌నే తిట్టాలే.

ఇంత చెప్పాక ఇంకో మాట దాచకూడదు. 2025 నవంబర్‌లో అదే స్లాట్ టీమ్ ఆన్‌ఫీల్డ్‌లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ చేతిలో 3-0, నాలుగు రోజుల్లో నెదర్లాండ్స్ క్లబ్ పీఎస్‌వీ చేతిలో 4-1 తిన్నది. విర్ట్స్, ఇసాక్ అని కొత్త ప్లేయర్ల మీద డబ్బు కుమ్మరించిన సమ్మర్ తర్వాత, మా ప్లేయర్ జోటా చనిపోయిన బాధలోంచి ఎవరూ ఇంకా తేరుకోని సీజన్లో. పీఎస్‌వీ మ్యాచ్ అయ్యేసరికి తెల్లారుజాము మూడున్నర. గ్రూప్‌లో ఎవరో ఏ మాటా లేకుండా అలోన్సో ఫొటో పెట్టాడు, ఇస్తాంబుల్‌ది, చేతులు చాపి పరిగెత్తేది. అప్పటికి ఆయన రియల్ మాడ్రిడ్ కోచ్, వచ్చే ప్రసక్తే లేదు. మొదటి హార్ట్ కొట్టింది నేనే.