బెల్గాం కమాండో కోర్సుకి వెళ్తున్న మా చిన్నోడికి

ఒరేయ్ చిన్నోడా, నీకు బెల్గాం కోర్సు వచ్చిందని మీ నాన్న ఫోన్‌లో చెప్పగానే ఛాతీ ఉప్పొంగింది, మన మాధవరంలో ఫౌజీలకి కొదవలేదు గానీ పటాలంలో ముందుండి మెరుపుదాడి చేసే ఘాతక్ ప్లటూన్‌ దాకా వెళ్లేవాళ్లు ఎంతమంది చెప్పు, కానీ ఆ రాత్రంతా నిద్ర పట్టలేదురా.

గోళ్లు తీసేసుకో, మౌత్‌గార్డ్ కొనుక్కో, కాలికి అలవాటైన బూట్లే పట్టుకెళ్లు. అక్కడ ఉత్త చేతులతో కలబడటం నేర్పుతారు, అందుకని విసిరేసినప్పుడు పడటం ముందు నేర్చుకో, గడ్డం ఛాతీకి ఆనించి చెయ్యంతా నేలకేసి కొట్టాలి, అరచెయ్యి ఒక్కటే ఆనిస్తే మణికట్టు విరుగుద్ది. మెడపట్టు బిగిస్తే వెంటనే ట్యాప్ చెయ్, అంటే వదలమని చేత్తో తట్టు, రెండుపక్కలా రక్తనాళాలు నొక్కుకుంటే పది సెకన్లలో స్పృహ పోద్ది, అక్కడ పౌరుషాలొద్దు.

అసలు మాట ఇది. మా కోర్సులో నా బడ్డీ, సీమ కుర్రాడు, ఎద్దులా కష్టపడేవాడు. నీళ్లు సరిగా తాగడు, ఒళ్లు నొప్పులకి మాత్రలు మింగి మళ్లీ గ్రౌండ్‌కి వచ్చేసేవాడు. ఒకరోజు యూరిన్ కోలా రంగులో వస్తోందన్నాడు. ఎమ్‌ఐ రూమ్‌కి పోరా, డాక్టర్‌కి చూపించుకో అంటే ఆర్‌టీయూ చేసేస్తారు, అంటే కోర్సు మధ్యలోనే యూనిట్‌కి వెనక్కి పంపేస్తారు, అక్కడ మొహం ఎట్టా చూపించాలి అన్నాడు. మర్నాడు బరువు మోస్తూ పరిగెత్తే స్పీడ్ మార్చ్‌లో కూలబడిపోయాడు. కండలు దెబ్బతిని ఆ చెత్తంతా రక్తంలో కలిస్తే కిడ్నీలు పోతాయని, నీళ్లు లేని ఒంట్లో నొప్పి మాత్రలు ఇంకా చేటని డాక్టర్ చెప్తేనే మాకు తెలిసింది. డయాలిసిస్ చేశారు, బతికాడు, కానీ ఒంట్లో బాగాలేనోళ్లకిచ్చే లో మెడికల్ కేటగిరీ పడి స్టోర్‌లో కూర్చునే రిటైరయ్యాడు. ఇప్పటికీ బెల్గాం మాటెత్తితే ఫోన్ పెట్టేస్తాడు.

డ్రోన్ల కాలంలో ఈ కుస్తీలెందుకని మీ అమ్మ అడుగుతోందంట. 2020 జూన్ 15న గల్వాన్‌లో మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబుతో కలిపి 20 మందిని పోగొట్టుకున్నాం, అదంతా రాళ్లు, మేకులు కొట్టిన రాడ్లు, ఉత్త చేతులతోనే కదా. అక్కడ కాల్పులు జరపకూడదని 1996లోనే చైనాతో ఒప్పందం ఉంది. కాబట్టి మనసుపెట్టి నేర్చుకో, నేర్పే ఉస్తాద్‌కి ఎదురు చెప్పకు.

చిన్నప్పుడు జ్వరం కాస్తున్నా చెప్పకుండా బడికి పోయేవాడివి, మీ నాయనమ్మ నుదురు పట్టుకుని చూస్తే గానీ తెలిసేది కాదు, నీ ఆ మొండితనమేరా నా భయమంతా. వెనక్కి పంపితే పంపనీ, మళ్లీ వేకెన్సీ వస్తుంది, ఇంట్లో ఎవర్నీ ఒక్క మాట అననివ్వను, నాదే పూచీ. ఫోన్ చేతికిచ్చిన రోజు ముందు మీ అమ్మతో మాట్లాడు, తర్వాత నాకు చేసి యూరిన్ ఏ రంగులో వస్తోందో చెప్పు, సిగ్గుపడకు.

మీ పెదనాన్న