క్లస్టర్‌లో ఉన్న ఎక్స్ఛేంజ్ మెయిల్ సర్వర్‌కు బ్యాకప్‌గా రోజూ చెక్‌పాయింట్ తీస్తే చాలదా?

చాలదండీ. జడ్చర్లలో మీరు చూస్తున్న సెటప్, అంటే రెండు నోడ్‌ల (సర్వర్ల) హైపర్-వి క్లస్టర్ మీద ఒక ఎక్స్ఛేంజ్ వీఎం (వర్చువల్ మెషీన్), నేను మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు వాళ్ల దగ్గర ఆరేళ్లు నడిపిందే. దెబ్బ తిన్నవాణ్ని కాబట్టి జర వివరంగా రాస్తున్నా.

ఎక్స్ఛేంజ్ వీఎంకు చెక్‌పాయింట్‌నే, అంటే ఆ క్షణంలో వీఎం ఉన్న స్థితిని పట్టి ఉంచేదాన్నే, బ్యాకప్‌గా వాడడాన్ని మైక్రోసాఫ్ట్ సపోర్ట్ చేయదు. పైగా ఆ ఫైలు కూడా అదే స్టోరేజ్ మీద ఉంటుంది, స్టోరేజ్ పోతే రెండూ కలిసే పోతాయి. వీఎం లోపలి వీఎస్ఎస్‌తో (నడుస్తున్న డేటాను సరిగ్గా కాపీ తీయనిచ్చే విండోస్ సర్వీసు) మాట్లాడి తీసే ఫుల్ బ్యాకప్ కావాలి. అది సరిగ్గా ముగిస్తేనే ఎక్స్ఛేంజ్ పాత లాగ్‌లు (డేటాబేస్‌లో ప్రతి మార్పునూ రాసుకునే ఫైళ్లు) చెరిపేస్తుంది. లాగ్ డ్రైవ్ రోజురోజుకూ నిండుతోందంటే, సాఫ్ట్‌వేర్ ఎంత పచ్చ టిక్కు చూపించినా నమ్మకండి.

ఇక మా కథ. బ్యాకప్ జాబ్‌ను క్లస్టర్ పేరు మీద కాకుండా మొదటి నోడ్ పేరు మీద పెట్టా. తప్పు నాదే. ప్యాచ్‌లు వేసే రోజు వీఎంను లైవ్ మైగ్రేషన్‌తో, అంటే ఆపకుండానే, రెండో నోడ్‌కు పంపి, వెనక్కి తేవడం మర్చిపోయా. జాబ్ మాత్రం ప్రతి రాత్రీ నడిచేది. మిగతా వీఎంలు తీసుకుని, మెయిల్ వీఎం దొరకలేదని అడుగున ఒక లైను రాసి, 'పూర్తయింది' అని రిపోర్టు పంపేది. అడుగు దాకా చదివిందెవరు? 11 రోజులు అట్లనే గడిచినయ్.

పన్నెండో రోజు ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీలు చేతులెత్తేశాయి. తిరిగి వచ్చాక డేటాబేస్ ఉన్న వీహెచ్‌డీఎక్స్ (వీఎం డిస్కు ఫైలు) తెరుచుకోలేదు.

లాగ్‌లను వేరే వీహెచ్‌డీఎక్స్‌లో పెట్టడం అదృష్టం. బ్యాకప్ జరగలేదు కాబట్టి ఆ 11 రోజుల లాగ్‌లను ఎవరూ చెరపలేదు కూడా! ఒక్కోటి 1 ఎంబీ, తొమ్మిది వేలకు పైనే. పాత డేటాబేస్‌ను రిస్టోర్ చేసి, ఎక్స్ఛేంజ్ డేటాబేస్ టూల్ ఈఎస్ఈయుటిల్ /ఎంఎల్‌తో లాగ్‌ల వరస తెగలేదని చూసుకుని, /ఆర్‌తో రీప్లే చేశా, అంటే లాగ్‌లలోని మార్పులను డేటాబేస్‌లోకి ఎక్కించా. /ఎంహెచ్ 'క్లీన్ షట్‌డౌన్' (డేటాబేస్ సక్రమంగా మూసుకుంది) అని చూపించేసరికి సాయంత్రమైంది. మౌంట్ చేశాక చూస్తే అన్ని మెయిళ్లూ ఉన్నాయి. జాగా మిగులుతుందని సర్క్యులర్ లాగింగ్ (బ్యాకప్ కోసం ఆగకుండా పాత లాగ్‌లను చెరిపేసే సెట్టింగ్) పెట్టి ఉంటే ఆ 11 రోజులూ గాల్లో కలిసేవి. మీరూ పెట్టకండి.

తర్వాత జాబ్‌ను క్లస్టర్ పేరు మీదకు మార్చా, ఒక కాపీ నల్లగొండ ఆఫీసులోని నాస్‌కు (నెట్‌వర్క్ స్టోరేజ్ పెట్టె) వెళ్లేట్టు చేశా. మొదటి ఫుల్ కాపీ నెట్ లైను మీద తెమలదని డిస్కు పట్టుకుని ఆర్టీసీ బస్సెక్కా, నవ్వుకోండి. మూడు నెలలకోసారి బ్యాకప్‌ను రికవరీ డేటాబేస్‌లోకి (అసలుదాన్ని కదపకుండా పక్కన తెరిచేది) తెచ్చి, న్యూ-మెయిల్‌బాక్స్‌రిస్టోర్‌రిక్వెస్ట్ కమాండ్‌తో ఒక మెయిల్‌బాక్స్‌ను టెస్ట్ అకౌంట్‌లోకి దించి, అటాచ్‌మెంట్ ఉన్న పాత మెయిల్ తెరిచి చూసేవాణ్ని. మొత్తం వీఎంనే రిస్టోర్ చేసి పరీక్షించాలంటే దాని నెట్‌వర్క్ తీసేసే ఆన్ చేయండి, లేకపోతే ఒకే పేరుతో రెండు సర్వర్లు లేచి కూర్చుంటాయి.

ముందుగా వీఎం లోపల 'వీఎస్ఎస్అడ్మిన్ లిస్ట్ రైటర్స్' కమాండ్ కొట్టండి. ఎక్స్ఛేంజ్ రైటర్ (వీఎస్ఎస్‌తో మాట్లాడే ఎక్స్ఛేంజ్ భాగం) ఎదురుగా 'స్టేబుల్' అని లేకపోతే, వచ్చిన ఎర్రర్ ఇక్కడ పెట్టండి, చూద్దాం.