శ్రీశైలం బయలుదేరే ముందు

బిడ్డా,

సెకండ్ హ్యాండ్ కారు కొన్నావని, మే నెలలోనే మీ అమ్మను శ్రీశైలం తీసుకుపోతున్నావని నిన్న ఆమే ఫోన్ చేసి చెప్పింది. మన ఇంట్లో స్టీరింగ్ పట్టిన మొదటి ఆడపిల్లవు నువ్వు. సంతోషంతో కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కానీ చివర్లో, "నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే ఇంజిన్ వేడి చూపే ముల్లు పైకి పోతోందంట అన్నా, రోడ్డెక్కితే దిగుతోందంట, ఏం కాదంట" అంది. రాత్రి నిద్ర పట్టలేదు. ఏం కాదని నీకెవరు చెప్పారు?

ఆగితే వేడెక్కి, పరుగెత్తితే చల్లబడుతోందంటే ముందు ఫ్యాన్‌నే అనుమానించాలి. బండి నడిచేటప్పుడు ఎదురుగాలి రేడియేటర్‌ను, అంటే ఇంజిన్ నీళ్లు చల్లారే జాలీని, చల్లబరుస్తుంది, ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్‌ది. ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ వెయ్యి, చాలా కార్లలో కాసేపట్లో ఫ్యాన్ తిరగాలి. తిరగలేదా, ఫ్యూజ్ చూడు. అది బాగుంటే ఫ్యాన్‌కు కరెంటు కలిపే చిన్న స్విచ్ లాంటి రిలే తీసి, అదే నంబరున్న మరో రిలే మార్చి చూడు. అప్పటికీ కదలకపోతే మోటారుకు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇమ్మని మెకానిక్‌తో చెప్పు. తిరిగితే మోటారు మంచిదే, లోపం వైరింగ్‌లోనో సెన్సార్‌లోనో ఉన్నట్టు. బానెట్ ఎత్తే ముందు చున్నీ తీసి పక్కన పెట్టు. ఇంజిన్ బంద్ చేసినా ఆ ఫ్యాన్ ఒక్కసారిగా తిరగొచ్చు.

పరుగులో కూడా వేడెక్కితే థర్మోస్టాట్ (వేడిని బట్టి రేడియేటర్‌కు నీళ్లు వదిలే వాల్వు), నీళ్లు తిప్పే వాటర్ పంపు, రేడియేటర్ చూపించు. బోరు నీళ్లు మాత్రం పొయ్యకు, ఉప్పు పేరుకుని సన్న గొట్టాలు పూడిపోతాయి.

1996 ఎండాకాలం నా కిరాయి కారులో మీ అమ్మను ఇదే దారిన తీసుకుపోయాను. ఫ్యాన్ తిరగడం లేదని డిండిలోనే తెలిసింది. బాగు చేయించడానికి కూర్చుంటే రేపటి కిరాయి పోతుందని, వచ్చాక చూసుకుందామనుకున్నాను. మన్ననూరు దాటి ఘాటెక్కగానే ఆవిరి మొదలైంది. ఆపిన రెండు నిమిషాలకే తడి తువ్వాలు వేసి రేడియేటర్ మూత తిప్పాను. నీళ్లు పోద్దామని మీ అమ్మ బాటిల్ పట్టుకుని నా పక్కనే నిలబడింది. మూత ఎగిరిపోయింది. సలసల కాగే నీళ్లు ఆమె కుడిచేతి మీద పడ్డాయి. అటుగా వచ్చిన ఆర్టీసీ బస్సులో అచ్చంపేట చేరేదాకా ఆమె ఏడవలేదు, నేనే ఏడ్చాను. మోచేతి దాకా ఉన్న ఆ మచ్చ నువ్వు చూసే ఉంటావు. ఈ ఇన్నేళ్లలో నన్ను ఒక్క మాట అనలేదు తల్లి.

లోపల ప్రెషర్ ఉన్నంతసేపు నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత తీయగానే ప్రెషర్ పోయి, ఒక్కసారిగా ఆవిరై ఎగజిమ్ముతాయి. విజిల్ దిగకముందే కుక్కర్ మూత లాగినట్టే.

ముల్లు ఎర్రగీత వైపు పోతే ఏసీ బంద్ చేసి హీటర్ ఫుల్లు పెట్టు, కొంత వేడి అటు పోతుంది. రోడ్డు పక్కకు ఆపి ఇంజిన్ కట్టెయ్యి. కనీసం అరగంట మూత ముట్టకు. తిప్పే ముందు పైన చెయ్యి పెట్టి చూసుకో, చల్లగా ఉంటేనే తియ్యి. మన్ననూరు అటవీ చెక్‌పోస్టు రాత్రి 9కి మూసేస్తారని టెన్షన్ పడి తొందరపడకు. పొద్దున్నే బయలుదేరితే ఆ భయమే ఉండదు.

బయలుదేరే ముందు ఒకరోజు దేవరకొండ రా. ఇంటి ముందు ఏసీ వేసి, ఆ ఫ్యాన్ తిరగడం నా కళ్లతో చూస్తాను.

ఇంకొకటి. బండి ఆగిందంటే మీ అమ్మ ఇప్పటికీ నీళ్ల బాటిల్ పట్టుకుని ముందుకే వస్తుంది. రానియ్యకు. చెట్టు నీడన, బండికి దూరంగా కూర్చోబెట్టు.

మీ మేనమామ