పూజారులా, మతాధికారులా, గురువులా?

సందేహం: ఫ్రెంచి విప్లవం మీద ఒక వ్యాసంలో ‘పూజారులు రైతుల పంటలో పదో వంతు గుంజుకునేవారు’ అని ఉంది. అదే వ్యాసంలో కొంచెం కింద ‘పూజారులు మూడో వర్గంతో చేతులు కలిపారు’ అని ఉంది. మా అబ్బాయి పాఠంలో వాళ్లే ‘మతాధికారులు’, ఇంకోచోట ‘పురోహితులు’. జర్మనీలో చర్చి సంస్కరణకు నాంది పలికిన మార్టిన్ లూథర్‌ను ఒకరు సన్యాసి అంటే మరొకరు పాస్టర్ అన్నారు. ఏ మాట ఎక్కడ వాడాలి? (ఒక పాఠకుడు, ఖమ్మం)

సమాధానం: మీరు ఎత్తి రాసిన రెండు వాక్యాల్లోనే చిక్కంతా ఉంది. గుంజుకున్నదీ పూజారులే, చేతులు కలిపిందీ పూజారులే అయితే చదివేవారికి ఏం బోధపడుతుంది? ఆ రెండు వాక్యాల్లో ఉన్నది వేరువేరు మనుషులు. ఐరోపాలో చర్చి పెద్దల మీద వచ్చిన విమర్శ చాలాభాగం చర్చిలోని వారే చేసింది. అందరినీ ఒకే మాట కింద జమకడితే ఆ పోరు తెలుగు పాఠకుడికి అసలు కనబడదు. అందుకే ఇది కేవలం అనువాదకుల తగవు కాదంటాను.

‘పూజారి’ ఇక్కడ బొత్తిగా కుదరదు. గుడిలో మూర్తికి నిత్యార్చన చేసేవాడు పూజారి. ‘పురోహితుడు’ కొంత దగ్గరగా వస్తుంది. ఫ్రాన్సులో ఊరి చర్చి గురువును ‘క్యురే’ అంటారు. పిల్లలకు జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇవ్వడం, పెళ్లిళ్లు చేయడం, పోయినవారిని సాగనంపడం ఆయన పనులు. అంతటితో అయిపోలేదు. 1539 నాటి రాజశాసనం మేరకు జ్ఞానస్నానాల దస్త్రం రాసి ఉంచాల్సిందీ ఆయనే. రాజుగారి ఉత్తర్వులు ఆదివారం పూట జనానికి చదివి వినిపించిందీ ఆయనే. 1792 సెప్టెంబరులో ప్రభుత్వం ఆ దస్త్రాలను తన చేతిలోకి తీసుకునేదాకా ఒక మనిషి ఎప్పుడు పుట్టాడో చెప్పడానికి ఆ పుస్తకమే ఆధారం. పురోహితుడూ కరణమూ ఒక్క మనిషిలోనే ఉన్నట్టన్నమాట. ‘పురోహితుడు’ అని ఊరుకుంటే అందులో సగమే చెప్పినట్టవుతుంది.

మన కతోలికుల దగ్గర దీనికి చక్కని మాట ఎప్పటినుంచో వాడుకలో ఉంది. ఒక గురువు బాధ్యత కింద ఉండే ఊళ్లను వారు ‘విచారణ’ అంటారు, ఆయనను విచారణ గురువు అంటారు. విచారణ అనగానే కోర్టు గుర్తొస్తుందని జంకనక్కర్లేదు. బాగోగులు విచారించడం అన్న అర్థం మన ఇళ్లలో ఇంకా బతికే ఉంది.

ఇక ఆ పదో వంతు సంగతి. పేరుకు దశమభాగమే గాని ఫ్రాన్సులో చాలాచోట్ల వసూలు చేసింది అంతకన్నా తక్కువే. అసలు విషయం, అది ఎవరి గాదెకు చేరిందన్నది. ఎన్నో ఊళ్లలో దశమభాగం మీద హక్కు దూరాన ఉన్న మఠానిదో, బిషప్ చర్చిలోని పెద్దల మండలిదో. వాళ్లు ధాన్యం పట్టుకుపోయి, ఊళ్లో పని చేసే గురువుకు ఏడాదికింత అని ఒక మొత్తం ఇచ్చేవారు. 1768లో అది 500 లీవ్రులు (లీవ్రు అప్పటి ఫ్రెంచి డబ్బు), 1786లో 700. అదే కాలంలో స్ట్రాస్‌బోర్గ్ బిషప్ రాబడి లక్షల లీవ్రుల్లో ఉండేది. బిషప్పులు దాదాపు అందరూ ప్రభు కుటుంబాలవారు, ఊరి గురువులు సామాన్యుల బిడ్డలు. రైతు ఎవరిని చూసి పళ్లు నూరాడో, వారిని చూసి ఊరి గురువూ నూరాడు.

1789 మేలో వెర్సాయిలో మూడు వర్గాల సభ కూడింది. మొదటి వర్గం చర్చివారిది, రెండోది ప్రభువులది, మూడోది సామాన్యులది. మొదటి వర్గం ప్రతినిధులు దాదాపు 300 మంది. అందులో రెండు వందల పైచిలుకు ఊరి గురువులే. జూన్ 13న పువాతూ ప్రాంతం నుంచి వచ్చిన ముగ్గురు గురువులు లేచి మూడో వర్గం సభలోకి నడిచి వెళ్లారు. 19న మొదటి వర్గమే స్వల్ప ఆధిక్యంతో మూడో వర్గంతో కలవాలని తీర్మానించింది. మూడో వర్గం గొంతుగా నిలిచిన ప్రసిద్ధ కరపత్రం రాసిన సియెస్ కూడా చర్చి మనిషే, షార్త్ర్ బిషప్పు కింద పెద్ద హోదాలో ఉన్నవాడు. ‘అబ్బే సియెస్’ అని చదివి ‘అబ్బే’ ఆయన ఇంటిపేరు అనుకుంటారు మనవాళ్లు. అది చర్చి మనిషిని పిలిచే గౌరవవాచకం.

కాబట్టి ‘మతాధికారి’ని బిషప్పు మొదలు పైవాళ్లకు ఉంచుకోండి. అందులో అధికారం ఉంది, వాళ్లకూ ఉంది. ఏడు వందల లీవ్రులతో నెట్టుకొచ్చిన మనిషిని అధికారి అనడం అన్యాయం. మొత్తం వర్గాన్ని ఒక్క మాటలో చెప్పాల్సి వస్తే ‘గురువర్గం’ అంటే చాలు.

ఆ గురువర్గంలోనూ బలిపూజ (చర్చిలో గురువు జరిపే ప్రధాన ఆరాధన) చేసే అర్హత లేనివారు బోలెడుమంది. మధ్యయుగాల్లో చదువు చాలామటుకు చర్చి చేతిలోనే ఉండేది. రాతగాళ్లు, విద్యార్థులు కూడా నడినెత్తి గొరిగించుకుని ఆ వర్గం కిందే లెక్కకొచ్చేవారు. మన ఆఫీసుల్లో కూర్చునే ‘క్లర్కు’ అనే మాట అక్కడ పుట్టిందే. ఈ వర్గంవారు నేరం చేస్తే చర్చి కోర్టే విచారించాలని, రాజు కోర్టుకు హక్కు లేదని పట్టుదల. చర్చి కోర్టు మరణశిక్ష వేయదు. దీనిమీదే ఇంగ్లండు రాజు రెండో హెన్రీకి, ఆర్చిబిషప్ థామస్ బెకెట్‌కు వైరం ముదిరి, 1170 డిసెంబరు 29న కాంటర్‌బరీ చర్చిలోనే బెకెట్‌ను నరికి చంపారు. ఆ మినహాయింపు తర్వాత కూడా పోలేదు. లాటిన్‌లో బైబిల్ 51వ కీర్తనలోని వచనం చదివి చూపిస్తే చాలు, ముద్దాయి గురువర్గంవాడే! 1598లో నాటకకర్త బెన్ జాన్సన్ ఒక నటుణ్ణి చంపి, ఈ హక్కుతోనే ఉరి తప్పించుకుని బొటనవేలి మీద వాతతో బయటపడ్డాడు. ఇంగ్లండులో దీన్ని రద్దు చేసింది 1827లో. చదువు రాని పేదవాడు ఉరికంబం ఎక్కుతుంటే అక్షరం ముక్క వచ్చినవాడు తప్పించుకున్న ఏర్పాటిది. గురువర్గం మీద జనానికి కడుపుమంట ఎందుకో అర్థం కావాలంటే ‘పూజారులకు మినహాయింపు’ అని రాసి ఊరుకోకూడదు.

లూథర్ విషయానికి వస్తే, ఏ సంవత్సరం గురించి రాస్తున్నారో చూసుకోండి. 1505లో ఎర్‌ఫుర్త్‌లో అగస్టీనియన్ మఠంలో చేరాడు, 1507లో గురుపట్టాభిషేకం పొందాడు, తర్వాత విట్టెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. ‘సన్యాసి’ తప్పు కాదు గాని, మన సన్యాసి ఒకచోట నిలవడు. వీళ్లు నియమాలకు, పై గురువు ఆజ్ఞకు కట్టుబడి ఉండేవాళ్లు. అందుకే ‘మఠవాసి’ నయం. 1517లో పాపపరిహార పత్రాల (పాపాలకు పడే శిక్ష తగ్గుతుందంటూ చర్చి డబ్బుకు ఇచ్చిన పత్రాల) మీద ఆయన 95 వాదాలు ముందుకు తెచ్చేనాటికి మఠవాసే. ఆ పత్రాలను ఊరూరా తిరిగి ప్రచారం చేసిన టెట్జెల్ కూడా ఒక మఠ సంప్రదాయంవాడే, డొమినికన్. ‘లూథర్ సన్యాసులను ఎదిరించాడు’ అనే వాక్యం ఎంత తప్పుదారి పట్టిస్తుందో చూడండి. 1525లో ఆయన పెళ్లి చేసుకున్నాడు. అప్పటినుంచి ‘బోధకుడు’ అనండి. ‘పాస్టర్’ అనకండి. విట్టెన్‌బర్గ్ ఊరి చర్చికి పాస్టర్ లూథర్ కాదు, ఆయన పెళ్లి జరిపించిన బూగెన్‌హాగెన్.

‘యాజకుడు’ అనే మాటను ఇక్కడే జాగ్రత్తగా వాడాలి. తెలుగు బైబిల్లో పాత నిబంధన కాలపు బలులు అర్పించేవారు యాజకులు. అయితే కొత్త నిబంధనలోని పేతురు మొదటి పత్రిక విశ్వాసులందరినీ ‘రాజులైన యాజకసమూహము’ అంటుంది. బాప్తిస్మం పొందిన ప్రతివాడూ యాజకుడే అని 1520లో లూథర్ వాదించింది ఈ వాక్యాన్ని పట్టుకునే. అందుకే ఆ వాదం గురించి రాసేటప్పుడు ‘యాజకుడు’ తప్ప వేరే మాట పెడితే వాదమే చెడుతుంది. మన ప్రొటెస్టెంట్లు పాస్టరుగారిని సంఘకాపరి, అయ్యగారు అంటారుగాని యాజకుడు అనకపోవడానికి మూలం కూడా ఈ వాదంలోనే ఉంది.

‘పాదిరి’ పోర్చుగీసు నుంచి మనకొచ్చింది. మన దేశానికి వచ్చిన మిషనరీలకు సరే, పన్నెండో శతాబ్దపు ఇంగ్లండుకు అతకదు.

అడగకపోయినా ఒకటి చెప్పాలి. 1794 జూలై 17న పారిస్‌లో గిలెటిన్‌కు బలైన కంపియేన్ ఊరి కార్మెల్ మఠం స్త్రీలను ‘పూజారిణులు’ అని రాయడం పొరపాటు. కతోలిక చర్చి స్త్రీలకు గురుపట్టం ఇవ్వలేదు. ‘పదహారుమంది కన్యస్త్రీలు’ అని రాయండి.