అడగండి, చెబుతాను: 17 ఎందుకు 529 అయింది?

ప్రశ్న: మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. నాన్నగారి తోతాపురి తోటకు డ్రిప్ వేసినప్పుడు బోరు మోటారు స్టార్టరుకు రిలే తగిలించి, రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్‌తో నడిచేలా ఒక స్క్రిప్టు రాశాను. లినక్స్ పరికరాలను ఫైళ్లుగా చూపించే సిస్‌ఎఫ్ఎస్‌లో, జీపీఐఓ (బోర్డు మీద ఆన్, ఆఫ్ చేసే పిన్నులు) ఎక్స్‌పోర్ట్ ఫైలులోకి 17 అని పంపడం, తర్వాత వాల్యూ ఫైలులో 1 వేస్తే మోటారు ఆన్, 0 వేస్తే ఆఫ్. మొన్న సిస్టమ్ అప్‌డేట్ చేశాక, 17 పంపగానే ‘ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్’ అంటోంది. స్నేహితుడు 529 పెట్టమన్నాడు, పెట్టాను, మోటారు తిరిగింది. ఇక వదిలేయవచ్చా? పనిచేస్తున్నదాన్ని కెర్నల్ (లినక్స్‌కు గుండెలాంటి ప్రోగ్రామ్) వాళ్లు ఎందుకు కెలుకుతారు సర్?
– ఒక మామిడి రైతు కొడుకు

జవాబు: వదిలేయవద్దు. మీ స్నేహితుడు చెప్పిన లెక్క సరైనదే: 17కు 512 కలిపితే 529. మీ రాస్ప్‌బెర్రీ పైకి 6.6 కెర్నల్ వచ్చినప్పటి నుంచి ఆ పిన్నుల లెక్క సున్నాతో కాక 512తో మొదలవుతోంది. కొత్తగా ఇంటి నంబర్లు వేసినప్పుడు గోడ మీద పాత నంబరు, కొత్త నంబరు పక్కపక్కన రాసుకుంటాం కదా, ఇక్కడ ఆ పాత నంబరును చెరిపేశారు. ఆ 17 అనే అంకె ఎప్పటికీ అలాగే ఉంటుందని కెర్నల్ ఎన్నడూ మాట ఇవ్వలేదు. మనమే ఇచ్చిందనుకున్నాం. రేపు ఇంకో చిప్పు తగిలిస్తే, ఇంకో బోర్డుకు మారితే ఏ అంకె వస్తుందో ఎవరు చెప్పగలరు?

అంకె మారడం చిన్న సంగతి. అసలు జబ్బు వేరే ఉంది. నాకది డబ్బు ఖర్చయ్యాక తెలిసింది.

తిరుపతిలో మా ఇంటి సంపు నుంచి పైట్యాంకుకు నీళ్లెక్కించే మోటారును నేనూ అచ్చం మీలాగే నడిపాను. ఒక రాత్రి స్క్రిప్టు 1 వేసింది, ఆ తర్వాత మధ్యలోనే చచ్చింది. 0 వేసేవాడు లేడు. పైట్యాంకు నిండి పొర్లింది, సంపు ఎండింది, మోటారు తెల్లవారేదాకా గాలి తోడి వైండింగ్ కాల్చుకుంది. వైండింగ్ షాపులో అతను కాలిన తీగ చూపించి, ‘కంప్యూటరు పెట్టారా సర్?’ అని అడిగిన తీరు ఇప్పటికీ గుర్తుంది.

పాత పద్ధతిలో ఆ పిన్ను ఎవరిదో కెర్నల్‌కు తెలియదు. ఫైలులో అంకె వేసిన ప్రోగ్రామ్ బతికుందా, పోయిందా అని చూడదు. తిరుమలలో గది తీసుకున్నవారు తాళం ఇవ్వకుండా కొండ దిగిపోతే ఎలా ఉంటుందో అలా: గదిలో మనిషి లేడు, పుస్తకంలో మాత్రం ఇంకా ఉన్నట్టే. పైగా ఇంకో ప్రోగ్రామ్ వచ్చి అదే ఫైలులో 0 వేస్తే అడ్డేవారూ లేరు.

అందుకే 2016లో 4.8 కెర్నల్‌తో క్యారెక్టర్ డివైస్ పద్ధతి తెచ్చారు. ఇందులో మీ ప్రోగ్రామ్ చిప్పును తెరిచి, ఫలానా లైను (అంటే పిన్ను) నాకు కావాలని తన పేరుతో అడిగి తీసుకుంటుంది. అది పట్టుకున్నంతసేపు మరొకరికి ఇవ్వరు. ప్రోగ్రామ్ ముగిసినా, కూలినా లైను దానంతటదే విడుదలవుతుంది. ఏ లైను ఎవరి చేతిలో ఉందో జీపీఐఓఇన్ఫో అనే కమాండు చూపిస్తుంది. పాతది 2020 తర్వాత తీసేస్తామని కెర్నల్ పత్రాల్లోనే రాశారు. మీ 529 పనిచేస్తోందంటే ఆ గడువు దాటినా తీయలేదనే కదా. వాడుకరుల ప్రోగ్రాములను విరగ్గొట్టకూడదన్నది లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ గట్టిగా పట్టుకున్న నియమం. కాబట్టి కెలుకుతారన్న మీ నింద వారికి తగదు. నా ఫిర్యాదు తిరగబడి ఉంటుంది: ఇంత మెల్లగా సాగదీస్తే మీలాంటివారు, నాలాంటివారు ఎన్నటికీ మారరు.

ఇప్పుడు పని. ఈ కొత్త పద్ధతికి ఉన్న లిబ్‌జీపీఐఓడీ అనే లైబ్రరీ వాడి స్క్రిప్టు తిరగరాయండి. ఒక చోట తప్పక పొరపాటు చేస్తారు కనుక ముందే చెబుతున్నాను. దానితో వచ్చే జీపీఐఓసెట్ కమాండు 1.6 వెర్షన్‌లో విలువ వేసి వెంటనే ముగిసిపోతుంది, దాంతో లైను చేజారుతుంది. మోడ్ సిగ్నల్ అని ఇస్తే పట్టుకుని కూర్చుంటుంది. వెర్షన్ 2లో ఆపేదాకా పట్టుకోవడమే మామూలు పద్ధతి. విడుదలైన లైను ఏ స్థితిలో ఉంటుందో కెర్నల్ హామీ ఇవ్వదు. అందుకని ప్రోగ్రామ్‌ను సిస్టమ్‌డీ (లినక్స్‌లో ప్రోగ్రాములను లేపి కనిపెట్టుకుని ఉండేది) సర్వీసుగా పెట్టండి. అందులో రీస్టార్ట్ ఆల్వేస్ అని రాస్తే, పడిపోయినప్పుడు అది మళ్లీ లేపుతుంది. లేవగానే చేసే మొదటి పని మోటారు ఆపడం అయి ఉండాలి. స్టార్టరు దగ్గర, నీళ్లు లేనప్పుడు మోటారును ఆపే డ్రై రన్ ప్రివెంటర్ విడిగా బిగించండి. దాని ఖర్చు రీవైండింగ్ ముందు లెక్కలోకి రాదు. నా ప్రోగ్రామ్ మీద నాకే నమ్మకం లేదు, మీది నేను చూడనే లేదు.

ప్రశ్న: తిరుపతిలో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం. కెర్నల్ డ్రైవర్ ప్రాజెక్టుకు పాత పుస్తకంలోని జీపీఐఓ రిక్వెస్ట్ ఫంక్షన్ వాడవచ్చా?

జవాబు: వద్దు. అదీ అంకెల కాలానిదే. 2014 జనవరిలో వచ్చిన 3.13 కెర్నల్ నుంచి జీపీఐఓడీ గెట్ ఫంక్షన్ ఉంది, అది అంకెకు బదులు డిస్క్రిప్టర్ (పిన్నును పట్టుకునే పిడి లాంటిది) ఇస్తుంది. పిన్ను ఏదో డివైస్ ట్రీలో (బోర్డులో ఏ పరికరం ఎక్కడుందో కెర్నల్‌కు చెప్పే వివరాల్లో) రాస్తారు, డ్రైవర్‌లో అంకె కనబడదు. బజారులో దొరికే రిలే బోర్డులు చాలావరకు 0 వేస్తే ఆన్ అవుతాయి. ఆ తిరకాసు కూడా డివైస్ ట్రీలో యాక్టివ్ లో అని రాస్తే తీరిపోతుంది. వైవాలో అడిగేది అక్కడే.